నడవళి

మంగళవారం పొద్దున కూడా కొట్రమ్మ కోడలు పెట్టిన టీ ముట్టలేదు. గడప పక్కన పెట్టిన గ్లాసు పెట్టినట్టే చల్లారి మీగడ కట్టింది. సోమవారం మధ్యాహ్నం నుంచి ఆ ఇంట్లో ఎవరికి వారే వడ్డించుకుంటున్నారు, ఎవరి కంచం వారే కడుక్కుంటున్నారు.

సవిత కుట్టుమిషను ముందు కూర్చుంది. బళ్ళారి బ్రూస్‌పేట నుంచి తెచ్చిన జీన్సు ప్యాంట్ల మూటలో సగానికి కూడా ఇంకా జేబులు పడలేదు. మిషను చప్పుడు మొదలవగానే లోపల అత్త ఏదో గొణిగింది. సవిత కాలు తీసేసింది.

"ఏమంటివి అత్తా?"

"నేనేమంటా? ఈ ఇంట్లో నాకు నోరుండాదా?"

"తిట్టేదుంటే నన్ను తిట్టు. అట్ల గోడతో మాట్లాడొద్దు."

"గోడకన్నా సిగ్గుండాది." కొట్రమ్మ బయటికి వచ్చింది. "సర్కారోళ్ళు ఇంటికి కాగితం పంపి నీ నడవడి విచారిస్తామంటాండారు. ఈ వంశంలో యా ఆడదానికన్నా వచ్చిందా ఇట్లాంటి కాగితం?"

"నా పేరుతో వచ్చిన కాగితం నాకు చూపీడానికేంది? నిన్నటి నుంచి అడుగుతాండా."

"మీ మామ సదివినాడు గదా!"

ఆ ఇంట్లో అది తీర్పు. భీమప్ప చదివాడంటే ఇక పైకోర్టు లేదు. అరవై ఎనిమిదేళ్ళ కిందట పుట్టిన ఆ మనిషి తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నాడు. కన్నడం బడిలో నేర్వకపోయినా రెండు లిపులూ దగ్గర దగ్గరగానే ఉంటాయి కాబట్టి కూడబలుక్కుని చదివేస్తాడు. వీధిలో ఎవరికి సర్కారు కాగితం వచ్చినా ఆయన అరుగు మీదికే వస్తుంది. సగం అర్థం తెలిసి, మిగతా సగం ధైర్యం మీద చెబుతాడు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన తప్పు పట్టలేదు. పట్టాలంటే వాళ్ళకూ చదువు రావాలి కదా.

సోమవారం ఆ కాగితం వచ్చినప్పుడు సవిత బ్రూస్‌పేటలో ఉంది. భీమప్ప అరుగు మీద నిలబడి, ఎదురింటి దుర్గక్క వింటుండగా చదివి అర్థం చెప్పాడట. గురువారం పదకొండు గంటలకు తాలూకా ఆఫీసులో సవిత నడవడి విచారిస్తారట. డాక్టరుతో కలిసి రావాలట. చెప్పి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సవిత ఆటో దిగేసరికి వీధి వీధంతా ఆమెను చూడటం మానేసింది.

ఆమెకూ డాక్టరుకూ ఏమిటంటారా? ఈ కథను వారం వారం పట్టుకుని వస్తున్నవారికి తెలిసిందే. ఇప్పుడే వచ్చి కూర్చున్నవారికి నాలుగు మాటలు.

ఊరి సర్కారు ఆసుపత్రికి ఒక సమితి ఉంది. పంచాయతీ అధ్యక్షుడు దానికి పెద్ద. డాక్టరు గురురాజ్ సదస్య కార్యదర్శి, అంటే సభ్యుడూ ఆయనే, రాసేదీ ఆయనే. ఊరివాళ్ళు ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయి తీరాలని రూలు. ఆ కుర్చీ మీద భీమప్పకు ఎంతో ఆశ ఉండేది. మగమనిషి కుర్చీ అప్పటికే నిండిపోయింది, రెండోదానికి రూలు అడ్డం వచ్చింది కాబట్టి కోడలి పేరు రాయించాడు. పేరు ఆమెదైనా కుర్చీ తనదే అనుకున్నాడు. మొదటి సభకు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళితే, "సభ్యురాలు వస్తేనే సభ, పెద్దాయనా" అని డాక్టరు నవ్వుతూనే లేపి పంపాడు. అప్పటి నుంచి ఆయనకు డాక్టరు పేరెత్తితే ఒళ్ళు మంట.

సవిత మాత్రం వెళ్ళింది. ఏ సభా తప్పలేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్క సభలోనే కాన్పుల గది మూసేసి, నర్సు శరణమ్మను వేరే ఆసుపత్రికి పంపాలని తీర్మానం అయిపోయింది. అందరి సమ్మతితో అని రాశారు. ఆ అందరిలో తనూ ఉన్నానని తెలిసి సవిత తాలూకా ఆరోగ్యాధికారికి ఒక ఉత్తరం రాసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆరు వారాలైనా జవాబు లేదు.

జవాబు బదులు ఇప్పుడు ఈ నింద వచ్చి పడింది.

మధ్యాహ్నం ఆమె భర్తకు ఫోను చేసింది. హంపేశ్ లారీ తోలుతాడు. ఆ వేళకు మంగళూరు దారిలో ఎక్కడో ఘాట్ రోడ్డు దగ్గర బండి ఆపి ఉన్నాడు.

"నీకు చెప్పినారా?" అంది.

"అమ్మ చెప్పింది."

"నువ్వేమంటావు?"

అవతల వేరే లారీల హారన్లు వినిపించాయి.

"నేనేమనాల సవితా? నాయన సదివినాడు గదా. కాగితం మీద ఊరికే రాస్తారా?"

"ఏం జరిగిందని నన్ను అడగవా?"

"వచ్చినాక మాట్లాడదాం. అంతవరకు యాడికీ పోవద్దు. గురువారం కూడా పోవద్దు."

"నువ్వన్నా అడుగుతావనుకుంటి," అంది సవిత. అప్పటికే ఫోను కట్ అయింది. అతనే పెట్టేశాడో, సిగ్నలే పోయిందో ఆమెకు తెలియలేదు. మళ్ళీ చేయబుద్ధి కాలేదు.

తొమ్మిదేళ్ళ కాపురం. ఈ మనిషి ఇంట్లో ఉన్న రోజులు లెక్కేస్తే రెండేళ్ళు కూడా రావు. అయినా తనకు ఒకరున్నారు అనే అనుకుంటూ వచ్చింది. ఆ రోజు మిషను ముందు కూర్చుని, ఎవరూ లేరని మొదటిసారి స్పష్టంగా అనుకుంది. అనుకున్నాక ఏడుపు కూడా రాలేదు.

బుధవారం కూతురు చిన్నును బడిలో దింపి, ఇంటికి రాకుండా నేరుగా ఆసుపత్రికి నడిచింది. దారిలో దుర్గక్క ఎదురై కొంగు సర్దుకుని పక్క సందులోకి తిరిగింది. దుర్గక్క కోడలికి ఇప్పుడు ఎనిమిదో నెల. ఆ పిల్లను ఆసుపత్రి కాన్పుల గది దాకా నడిపించుకుని రావచ్చు. గది లేకపోతే ఆటోలో బళ్ళారి దాకా పోవాలి. ఆ మాట పిలిచి చెబుదామనుకుంది సవిత. పిలవకుండానే ముందుకు నడిచింది.

శరణమ్మ కాన్పుల గదిలో బీరువా ఖాళీ చేస్తోంది. చిన్ను పుట్టింది ఈ గదిలోనే. హంపేశ్ అప్పుడు గోవా వైపు ఉన్నాడు. ఆ రోజు మొగుడు ఏడీ అని అడగని మనిషి శరణమ్మ ఒక్కతే. అడగకుండా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"రా తల్లీ, రేపు పోవాల గదా, తయారైనావా?" అంది శరణమ్మ.

"యాడికి పోయేది అక్కా? నా నడవడి విచారిస్తారంటే నేను తయారై పోవాల్నా?"

"నడవడి ఏంది?"

"కాగితం వచ్చింది గదా. నా నడవడి, డాక్టరుతో..."

శరణమ్మ ఆమెను విచిత్రంగా చూసి, డాక్టరు బల్ల మీద నుంచి కాగితం తెచ్చింది. అదే ఉత్తరం, ఆసుపత్రికి వచ్చిన ప్రతి. సవిత కన్నడ బడిలో చదివిన మనిషి, ఒక్క చూపులో చదివేసింది. 'సమితియ సభా నడవళియన్ను పరిశీలిసలాగువుదు. సదస్య కార్యదర్శియవరొందిగె హాజరాగతక్కద్దు.' సమితి సభలో జరిగినదంతా రాసే పుస్తకాన్ని తనిఖీ చేస్తారు. కార్యదర్శితో పాటు హాజరు కావాలి.

"నడవళి తల్లీ, నడవళి! సభ పుస్తకం. నీ నడవడి ఎవరికి కావాల? నువ్వు రాసిన ఉత్తరానికి జవాబు ఇది."

సవిత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బీరువాను పట్టుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చింది. ఆరు వారాలు రోజూ ఎదురుచూసిన కాగితం రెండు రోజులుగా తన ఇంట్లోనే, మామ చొక్కా జేబులో ఉంది.

శరణమ్మ పక్కన కూర్చుంది.

"ఈ ఉద్యోగంలో నాకు ఇరవైరెండేళ్ళు. మన మీద తాలూకా, తాలూకా మీద జిల్లా, జిల్లా మీద బెంగళూరు. కిందోళ్ళను పైనోళ్ళు చూసుకోవాలని రూలు రాసి పెట్టినారు. అందరూ ఎప్పుడూ పైకే చూస్తాండారు గాని, కిందికి చూసినోన్ని నేను చూడలే. నువ్వు ఉత్తరం రాస్తే మొదటిసారి ఒకడు కిందికి చూసినాడు. రేపు పో. పోయి నాది కాదని చెప్పు."

"నాది కాదని అంటే, ఏది?"

"సంతకం."

సవితకు అర్థం కాలేదు. శరణమ్మ తన ఫోనులో సభ పుస్తకం పేజీ ఫోటో తెరిచి చూపించింది. తీర్మానం కింద అయిదు సంతకాలు ఉన్నాయి. నాలుగోది ఆమె పేరు.

"నేను ఆ పొద్దు ఊళ్ళోనే ల్యా అక్కా. చోరనూరులో అమ్మోళ్ళింట్లో ఉంటి."

"మనుషులు తక్కువైతే పుస్తకమే ఇల్లిల్లు తిరుగుతాది గదా. అటెండరు దుర్గప్ప మీ ఇంటికి తెచ్చినాడు. సంతకమై తిరిగొచ్చింది. ఎవరు పెట్టినారని ఎవరడుగుతారు?"

సవిత వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది. కన్నడంలో తలకట్టు అడ్డంగా గీసిన గీతలా ఉంటుంది. ఇక్కడ 'స' మీదా 'త' మీదా ఉన్నది అది కాదు. రెండు చోట్లా టిక్కు పెట్టినట్టు వంకర తిరిగిన తెలుగు తలకట్టు. సవిత ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని తెలుగులో తన పేరు కూడా రాయలేదు. ఆ ఇంట్లో తెలుగు రాసే చెయ్యి ఒక్కటే ఉంది.

ఫోను తిరిగి ఇచ్చేసింది.

ఇంటికి నడుస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది, అది మొదటిదానికన్నా కష్టంగా ఉంది. పోయినేడు ఆమెను సభ్యురాలిగా వేసినప్పుడు వచ్చిన ఆర్డరు పైన 'సర్కారద నడవళిగళు' అని ఉంది. అంటే ఏంది మామా అని ఆమె అడిగింది. సర్కారు కూర్చుని ఏం నిర్ణయం చేసిందో అది రాసేది అమ్మా, నడవడి కాదు, తెలుగోళ్ళు తప్పర్థం చేసుకుంటారు అని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

మామ తప్పు చదివి ఉంటే ఆమె క్షమించేసేది. ఆయన తప్పు చదవలేదు.

సాయంత్రం భీమప్ప అరుగు మీద పేపరు విప్పుకుని కూర్చున్నాడు. సవిత ఎదురుగా నిలబడింది. ఎప్పుడూ ఆయన ముందు అలా నిలబడి ఎరగదు.

"మామా, నడవళి అంటే ఏంది?"

ఆయన పేపరు దించలేదు.

"నాకు నువ్వే చెప్తివి పోయినేడు. ఇప్పుడు మళ్ళీ చెప్పు."

"లోపలికి పో అమ్మాయ్. వీధిలో ఏంది?"

"సోమవారం వీధిలోనే గదా సదివితివి." ఆమె గొంతు పెంచలేదు. "ఆ పుస్తకంలో నా పేరు రాసింది నువ్వే. నేను చూసినా."

పేపరు కిందికి వచ్చింది. భీమప్ప ముఖంలో కోపం ఉంటుందనుకుంది. లేదు. భయం ఉంది.

"ఇంటికి కాగితం వస్తే సంతకం పెట్టేది నేనే గదా," అన్నాడు. "రేషనుకు పెట్టినా, గ్యాసుకు పెట్టినా. హంపేశ్ బడిలో వాళ్ళమ్మ సంతకం అడిగితే అదీ నేనే పెట్టినా. దుర్గప్ప వచ్చి బేగ బేగ కానీ అని నిలబడినాడు. పెట్టినా. అందులో ఏం రాసుండారో కూడా చూడలే."

"సరే మామా. సంతకం పెట్టినావు, దానికి నాకు కోపం ల్యా. నడవడి అని ఎందుకు చెప్తివి?"

ఎదురింట్లో ఎవరో తలుపు దగ్గరికి వేశారు.

"పోకుండా ఉంటావని," అన్నాడు భీమప్ప. "నువ్వు పోయి నాది కాదంటే, ఎవరిదని అడుగుతారు. కేసు అయితాది. ఈ వయసులో నన్ను జీపెక్కించుకుని పోతే నీకు బాగుంటాదా?"

"నన్ను ఊరంతా ఆ మాట అంటే నీకు బాగుండెనా?"

ఆయన జేబులో నుంచి కాగితం తీసి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

గడప లోపల కొట్రమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో, అంతా విన్నదని ముఖమే చెబుతోంది. సవిత ఆమె దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడైనా ఒక మాట అంటుందని, చెయ్యి పట్టుకుంటుందని ఆశపడింది. సిగ్గు లేకుండా ఆశపడింది.

"ఇప్పుడు తెలిసింది గదా అత్తా, నాది తప్పు లేదని?"

"తెలిసింది."

"మరి?"

"మరి ఏముండాది? ఇంటింటికీ పోయి నా మొగుడు అబద్ధం చెప్పినాడని చెప్పాల్నా?" కొట్రమ్మ చూపు తిప్పుకుంది. "నాలుగు దినాలు పోతే జనమే మరిచిపోతారు. రేపు పోవద్దు. నీ కాళ్ళు మొక్కుతా, పోవద్దు."

ఆ రాత్రి కొట్రమ్మ కోడలికి తానే వడ్డించింది. నింద పడ్డ రెండు రోజులూ ముట్టని చెయ్యి, నిజం తెలిశాక నెయ్యి కూడా వేసింది. సవిత ఒక ముద్ద కూడా మింగలేకపోయింది.

గురువారం ఆమె బయల్దేరుతుంటే ఎవరూ ఆపలేదు. బస్సెక్కి కూర్చున్నాక చూస్తే ముందు తలుపు నుంచి భీమప్ప ఎక్కుతున్నాడు, ఇస్త్రీ చొక్కాలో. ముందు సీట్లో కూర్చున్నాడు. దారంతా వెనక్కి తిరగలేదు. ఆమె టికెట్టు కూడా ఆయనే తీసుకున్నాడని కండక్టరు చెబితే తెలిసింది.

తాలూకా ఆరోగ్యాధికారి ధారవాడ వైపు మనిషి, కొత్తగా వచ్చాడు. ఆయన మాట్లాడిందంతా కన్నడమే, మన సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను. మనిషి చెడ్డవాడు కాదు. ఇంత చిన్న సమితి నుంచి ఒక సభ్యురాలు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు రాసిందా అని కొంత ఆశ్చర్యం, కొంత విసుగు.

బల్ల మీద నడవళి పుస్తకం తెరిచి ఉంది. డాక్టరు గురురాజ్ ఒక పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. భీమప్ప గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు.

"ఈ సంతకం మీదేనా?"

"కాదు సార్."

"మీరు ఈ సభకు వచ్చారా?"

"రాలేదు సార్. ఆ గది మూయడానికి నేను ఒప్పుకోలేదు కూడా."

అధికారి తెల్ల కాగితం ముందుకు తోశాడు. ఆమె దాని మీద మూడుసార్లు తన పేరు కన్నడంలో రాసింది. ఆయన పుస్తకంతో పోల్చి చూశాడు, డాక్టరు వైపు చూశాడు. డాక్టరు తల ఇంకా కిందికి పోయింది. గుమాస్తా ఆమె చెప్పింది రాసి తెచ్చాడు.

"ఇది ఎవరు పెట్టారన్నది తరువాత చూద్దాం. ముందు మీ మాట మీద సాక్షి కావాలి. ఇదిగో ఈ మూడు సంతకాలూ మీవే అని ఎరిగినవారు. సమితి వాళ్ళు పనికిరారు. మీతో ఎవరు వచ్చారు?"

"ఎవరూ రాలేదు సార్," అంది సవిత.

"సాక్షి లేకపోతే ఈ కాగితం చెల్లదమ్మా. పాత తీర్మానమే నిలుస్తుంది. సోమవారానికి నర్సు ఆ వేరే ఆసుపత్రిలో చేరాలి."

ఆమె ఆ గది నలువైపులా చూసింది. ఇంత మంది మనుషులున్న లోకంలో తన పేరు తను ఎలా రాస్తుందో ఎరిగినవాళ్ళు ఒక్కరు కావాలి. మొగుడికి తెలుసా? ఏమో. ఎప్పుడూ చూసి ఉండడు.

"నేనుండా సార్."

భీమప్ప లేచి నిలబడ్డాడు. "నేను ఆమె మామను. ఆమె సంతకం నాకు తెలుసు."

అంత బాధలోనూ సవితకు ఆయన మీద ప్రేమ పుట్టింది. ఆయన నెమ్మదిగా బల్ల దగ్గరికి నడిచి వచ్చాడు. అధికారి కాగితం తిప్పి పెట్టి, పెన్ను ఇచ్చాడు.

"ఇక్కడ మీ పేరు రాయండి."

భీమప్ప పెన్ను తీసుకున్నాడు. పక్కనే పుస్తకం తెరిచే ఉంది. అందులో తన చేతిరాత తన వైపే చూస్తోంది. పెన్ను కాగితం దాకా వెళ్ళి ఆగింది. తరువాత ఆయన దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశాడు.

"నాకు రాసేకి రాదు సార్. సదువుకోలే. ఎబ్బెట్టు వేస్తా."

వీధి వీధంతటికీ కాగితాలు చదివి పెట్టిన మనిషి, తనకు అక్షరం రాదని ఒక సర్కారు ఆఫీసులో నిలబడి చెప్పాడు. సవిత ఆయన ముఖం చూడలేకపోయింది. గుమాస్తా సిరా డబ్బీ తెరిచాడు. భీమప్ప బొటనవేలు అద్ది, కాగితం మీదికి తెచ్చాడు.

"ఆగండి," అన్నాడు అధికారి. "చదువు రానివారు ఆమె సంతకాన్ని ఎట్లా గుర్తుపడతారు?"

భీమప్ప వేలు గాలిలోనే ఆగిపోయింది.

అధికారి సవిత వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీ మామగారికి చదువు వచ్చా, రాదా?"

వచ్చు అంటే ఆయన చేత రాయిస్తారు. ఆ రాత పక్కన పుస్తకంలోని సంతకం పెట్టి చూస్తారు, మామ పట్టుబడతాడు. రాదు అంటే ఈ కాగితం ఇక్కడే చిరుగుతుంది. దుర్గక్క కోడలు ఎనిమిదో నెల కడుపుతో ఆటో ఎక్కుతుంది.

సోమవారం నుంచి ఒక్కసారి కూడా కళ్ళెత్తి చూడని మామ ఇప్పుడు ఆమెనే చూస్తున్నాడు.

"చెప్పు తల్లీ," అన్నాడు మెల్లగా.

ఆ ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆయన ఆమెను తల్లీ అనడం అదే మొదటిసారి.